ఎడమ పక్క జాగా

ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యాను. రిటైర్ అంటే పెద్ద మాటే. దండలూ శాలువాలూ ఏమీ లేవు. మోకాళ్లు పోయాయి, మంచం పక్కన వంగితే లేవలేకపోయాను, ఇంక రావొద్దన్నారు. వచ్చేశాను. నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు మీది పేరు కూడబలుక్కుంటాను, అంతవరకే. నేను చెబుతుంటే, నా దగ్గరుండే పిల్ల సరిత రాస్తోంది. నా మాటను పుస్తకాల భాషలోకి మార్చి రాస్తానంది. మార్చుకో, కానీ మనుషులు మాట్లాడిన చోట మాత్రం వాళ్ల నోట్లోంచి ఎట్లా వచ్చిందో అట్లాగే రాయి అన్నాను.

కొత్తగా ఆయా పనిలోకి వచ్చే ఆడపిల్లల కోసం ఇది చెబుతున్నాను. అసలు సంగతి చెప్పాలంటే సరిత కోసమే. నేను ఖాళీ చేసిన చోటికే రేపటి నుంచి అది డ్యూటీకి పోతోంది. నా సైకిల్ ఇమ్మని అడుగుతోంది. ఇవ్వాలా వద్దా అని నాకు అన్నం సహించడం లేదు.

బెడ్‌పాన్ ఎట్లా పెట్టాలి, కదలలేని మనిషికి పక్కబట్ట ఎట్లా మార్చాలి, ఇవన్నీ అక్కడ సిస్టర్లు నేర్పుతారు. కొద్ది రోజుల్లో చెయ్యి తిరుగుతుంది. కంపుకు కూడా అలవాటు పడతారు. ఎవరూ నేర్పనిది దారి. బన్సీలాల్‌పేట్‌లో మా గల్లీ నుంచి రాణీగంజ్, ప్యారడైజ్, తాడ్‌బండ్ మీదుగా బోయిన్‌పల్లి అవతల ఆసుపత్రి దాకా పోయే దారి. పొద్దున డ్యూటీకి అందుకోవాలంటే ఆ వేళకు బస్సు లేదు. ఆటో ఎక్కితే మనం పనిచేసేది ఆటోవాడి కోసమే అవుతుంది. ఇంక మిగిలింది సైకిల్. ఆసుపత్రి వాళ్లు నా పని గేటు దగ్గర మొదలవుతుందనుకునేవారు. నాకైతే అక్కడికి చేరేసరికే సగం పని అయిపోయేది.

మొగవాళ్ల సైకిల్

ఆ సైకిల్ మా ఆయనది. రాణీగంజ్‌లో ఇనుప పైపుల గోదాములో హమాలీగా చేసేవాడు. ఒకరోజు పైపు భుజం మీద ఉండగానే కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు. మనిషిని ఆటోలో తెచ్చి దింపారు. సైకిల్‌ను మరునాడు ఎవరో నడిపించుకుంటూ తెచ్చి గోడకు ఆనించి పోయారు. దినాలన్నీ అయ్యాక చూసుకుంటే ఇంట్లో పనికొచ్చే వస్తువు అదొక్కటే కనబడింది.

నడుమ అడ్డంగా రాడ్డు ఉన్న ఎత్తు సైకిల్. చీర కట్టుకుని ఎక్కడం ఎట్లా? ఆయన ప్యాంటే తొడుక్కుని, పైన చీరను మోకాళ్ల దాకా దోపుకునేదాన్ని. నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లకు నేనే తమాషా.

"ఏందే బాలమణీ, మొగడు పోయినంక సర్కస్‌ల చేరినవా?"

"చేరిన. టికెట్ కొనుక్కొని చూడు, ఊకె చూస్తే కండ్లు పోతయ్" అన్నాను. అని నాలుగు గజాలు పోకముందే మురుగు పారే మోరీలో పడ్డాను.

అప్పుడు నన్ను లేపింది యాదమ్మ. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేది. ఆ ఆసుపత్రిలోనే ఆయా. నాకంటే చిన్నది, పనిలో మాత్రం నాకంటే ముందే చేరింది. దానికి ముందు బుట్ట ఉన్న ఆడవాళ్ల సైకిల్ ఉండేది. మొగుడు ఉన్నాడన్న పేరే గానీ ఏ ఊళ్లో ఉంటాడో దానికే తెలియదు. ఒక్కతే బిడ్డ. ఆ బిడ్డే ఇప్పుడు ఇది రాస్తున్న సరిత.

"లే అక్కా, లే. మోరీల ఏం దేవులాడుతున్నవ్?" అంది, చెయ్యి ఇస్తూనే నవ్వుతోంది. నాకు ఏడుపొచ్చింది. మొగుడు పోయిన ఆడదాన్ని చూసి అప్పటిదాకా ఎవరూ అట్లా నవ్వలేదు, అందరూ మొహాలు వేలాడేసేవారు. దాని నవ్వు చూశాక నాకు నవ్వొచ్చింది. నన్ను ఆసుపత్రిలో పెట్టించింది అదే. సైకిల్ నేర్పింది అదే.

ఇద్దరం పక్కపక్కన

మేమిద్దరం ఒకరి వెనక ఒకరం పోయేవాళ్లం కాదు. పక్కపక్కన పోయేవాళ్లం. నేను ఎడమ పక్కన రోడ్డు అంచుకు, యాదమ్మ నా కుడి పక్కన బండ్ల వైపు. నా సైకిల్ ఎత్తు. ఆగితే కాలు నేలకు అందదు, ఫుట్‌పాత్ గట్టు మీద పెట్టాలి. అందుకని అంచు నాది. ఎవరూ కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న పద్ధతి కాదు. మొదటి రోజు అట్లా కుదిరింది, ఇంక అట్లాగే పోయింది.

సరిత చిన్నగా ఉన్నప్పుడు తల్లి వెనక క్యారియర్ మీద కూర్చునేది. తాడ్‌బండ్‌లో యాదమ్మ తల్లి ఉండేది, అక్కడ దింపితే ఆ ముసలామె బడికి పంపేది. నిద్ర మొహంతో తల్లి నడుము పట్టుకుని, నా దిక్కు చూస్తూ వచ్చేది. నేనేమో దానికి వెక్కిరింపులు చూపిస్తూ తొక్కేదాన్ని.

ప్యారడైజ్ దగ్గర ఒక ట్రాఫిక్ ఆయన మమ్మల్ని రోజూ ఆపేవాడు.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా, లైన్‌ల పొండి. గిట్ల పక్కపక్కన పోతే బండ్లు ఎట్ల పోవాలె?"

"లైన్‌ల పోతే ఒక్కొక్కల్ని గుద్దుకుంట పోతరు సార్" అంది యాదమ్మ. "గిట్ల పోతే కనీసం తిట్టుకుంట పోతరు. తిట్టాలంటె చూడాలె గద."

ఆయన చెయ్యి ఊపి, "పోండి పోండి" అన్నాడు.

నవ్వుతూ అన్న మాటే గానీ అందులో అబద్ధం లేదు. ఒక్క సైకిల్‌ను బస్సువాడు చూడడు. చూసినా లెక్కలో వేసుకోడు. రెండు సైకిళ్లు పక్కపక్కన ఉంటే ఆటో అంత వెడల్పు అవుతాయి. హారన్ కొడతాడు, బూతులు తిడతాడు, అయినా బ్రేకు మీద కాలు వేస్తాడు. కుర్రవాళ్లు బైకుల మీద వచ్చి, "అక్కా, రేసా?" అని అరిచేవాళ్లు. "రేసే తమ్మీ, జెర ముందుకు పో, నీ పొగ మాకు నాష్టా" అనేది యాదమ్మ.

బోయిన్‌పల్లి మార్కెట్ దగ్గర వేరే తక్లీఫ్. పొద్దున్నే కూరగాయల లారీలు దిగుతాయి. రోడ్డంతా క్యాబేజీ ఆకులు, నలిగిన టమాటాలు. తడి ఆకు మీద చక్రం పడితే సైకిల్ మన మాట వినదు. అక్కడ బ్రేకు వెయ్యకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. తొక్కడం ఆపి, ఊపిరి బిగబట్టి, అట్లాగే జారనివ్వాలి. ఇది మాత్రం రాసి పెట్టుకోండి.

మేట్రన్ అమ్మ

నేను ఎవరెవరి కింద పనిచేశానో ఆ పెద్దల్లో మంచి మనిషి అని గట్టిగా చెప్పగలిగేది ఒక్క మేట్రన్ అమ్మనే. గుంటూరు దిక్కు ఆమె. మాట కటువు. మేం గేటు దగ్గర హాజరు కోసం వేలి మిషన్ మీద బొటనవేలు పెట్టేవాళ్లం. దారిలో చైన్ ఊడిన రోజు వేళ్లకు నల్ల గ్రీజు అంటుకుని మిషన్ పట్టేది కాదు. చీరకు తుడిచి, తల వెంట్రుకల్లో రుద్ది, మళ్లీ పెట్టి, మళ్లీ రుద్ది. వెనక మనుషులు గొణిగేవారు. మేట్రన్ అమ్మ చూసి, "ఆ మిషన్‌కి కళ్లు లేకపోతే నాకున్నాయి, రండమ్మా లోపలికి" అనేది.

లోపలికి పోగానే పేషెంట్‌ను ముట్టనిచ్చేది కాదు. "ముందు కూర్చోండి. చెమటార్చుకోండి. కాళ్లు వణుకుతా ఉంటే మనిషినెట్టా లేపుతారు? పడేస్తారు" అనేది. ఆ కాసేపట్లో మంచినీళ్లు తాగి, చీర సరిచేసుకునేవాళ్లం. ఇంతకాలం పనిచేస్తే దారి కూడా పనే అని గుర్తించిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెకు తెలియడం కాదు వింత. మిగతా ఎవరికీ తెలియకపోవడమే వింత.

మాకు డ్యూటీలు ఎప్పుడూ కలిపే వేసేది. "ఒకే దారిన వచ్చేవాళ్లని విడదీసి నేనేం బావుకుంటాను?" అనేది. ఆమె రిటైరై ఊరికి పోయిన రోజు యాదమ్మ ఏడవలేదు. "అక్కా, మన గొడుగు పోయింది" అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు.

కొత్త సూపర్‌వైజర్

తర్వాత ఆయాల మీద ఒక కుర్ర సూపర్‌వైజర్‌ను పెట్టారు. మర్యాదస్తుడే. అమ్మా అనే పిలిచేవాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. ఒకే గల్లీ వాళ్లు ఒకే డ్యూటీలో ఉంటే ముచ్చట్లు పెట్టుకుంటారని ఆయనకు ఎవరు చెప్పారో, స్నేహంగా ఉన్నవాళ్లందరినీ విడదీశాడు. నాకు పొద్దున డ్యూటీ, యాదమ్మకు మధ్యాహ్నం డ్యూటీ.

ఇద్దరం పోయి నిలబడ్డాం.

"సార్, మేమిద్దరం సైకిళ్ల మీద కలిసి వస్తం. ఒక్కదాన్నే అంటే రోడ్డు మీద కష్టమైతది" అన్నాను.

"అమ్మా, సైకిళ్లను చూసి డ్యూటీలు వెయ్యాల్నా నేను? పేషెంట్లను చూసి వెయ్యాలె గదా."

"సైకిళ్లను చూడకు సార్" అంది యాదమ్మ. "సైకిల్ మీద ఉన్నోళ్లను చూడు."

ఆయన నవ్వాడు. "రెండు నెలలు చెయ్యండమ్మా, అలవాటైతది" అన్నాడు.

ఆయన దుర్మార్గుడని నేను అనను. ఆ రోడ్డు మీద ఎప్పుడూ సైకిల్ తొక్కి ఉండడు. కొత్తగా పనిలో చేరే పిల్లలకు ఒక మాట చెబుతాను. అరిచే పెద్దలకు భయపడకండి, వాళ్లకు ఎదురు మాట్లాడే దారి ఉంటుంది. మర్యాదగా నవ్వి కాదనేవాళ్ల ముందు మన దగ్గర మాట మిగలదు. మేం దండం పెట్టి బయటికొచ్చాం.

అప్పటి నుంచి మేం కలిసేది గేటు దగ్గర ఒక్కసారే. నేను డ్యూటీ దిగి బయటికి వచ్చేసరికి అది లోపలికి వచ్చేది. "తిన్నవా అక్కా?" "తిన్న. నువ్వు?" అంతే. రాత్రి డ్యూటీ దిగేసరికి బస్సు ఉండదు గనుక దానికీ సైకిలే దిక్కు; ఎండలో ఒక్కతే తొక్కుకుంటూ వచ్చి మొహం ఎర్రగా కందిపోయి ఉండేది. ఒకరోజు మాత్రం, "ఒక్కదాన్నే తొక్కుతుంటె దారి రెండింతలైతుందే అక్కా" అంది.

పాషా చూసింది

ఆ రోజు నేను గేటు దగ్గర నిలబడ్డాను. యాదమ్మ రాలేదు. డ్యూటీ వేళ దాటింది. సరితకు జ్వరమేమో, ఇంట్లోనే ఉందేమో అనుకుని సైకిలెక్కాను.

మార్కెట్ దాటాక రోడ్డు పక్కన పాషా చాయ్ బండి ఉండేది. అక్కడ జనం మూగి ఉన్నారు. టమాటాలు రోడ్డంతా పడి ఉన్నాయనుకున్నాను. దగ్గరికి పోతే ముందు బుట్ట కనబడింది. ఆ బుట్టకు యాదమ్మ ప్లాస్టిక్ వైరు చుట్టుకుంది, నాకు దాని మెలిక కూడా తెలుసు. సైకిల్ చక్రం మడిచిన రొట్టెలా ఉంది. టిఫిన్ డబ్బా మూత ఊడి అన్నం కింద పోయింది. మనిషి లేదు. అప్పటికే తీసుకుపోయారు. గవర్నమెంట్ దవాఖానాకు చేరకముందే పోయిందని తర్వాత తెలిసింది.

నేను కిందపడి అరిచానట. నాకు గుర్తులేదు. పాషా నీళ్లు తాగించి కూర్చోబెట్టాడు. అతను చెప్పిన మాట మాత్రం ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది.

"అమ్మా, నేను రోజు చూస్త గద. ఇంతకుముందు మీరిద్దరు వస్తుంటిరి. ఇప్పుడు ఆమె ఒక్కతే వస్తది. ఒక్కతే వచ్చినా నడుమలనే వస్తది. పక్కకు మీరున్నట్టే జాగ ఇడుస్తది. నేను సుత చెప్పిన, 'అక్కా, అంచుకు రా, అంచుకు రా' అని. రెండు రోజులు వస్తది, మల్ల నడుమకే పోతది. ఇయ్యాల బైకోడు ఒకడు ఆ జాగల దూరిండు. హ్యాండిల్‌కు హ్యాండిల్ తాకింది. ఆమె గిటు, రోడ్డు నడుమకు పడ్డది. వెనక టమాటల డీసీఎం లారీ ఉండె. ఇంకేం చెప్పాలమ్మా."

ఎడమ పక్కన నా కోసం చోటు వదిలి తొక్కింది. నేను లేని రోజుల్లో కూడా. అన్నేళ్లు పక్కన మనిషిని పెట్టుకుని తొక్కిన కాళ్లకు, చేతులకు, డ్యూటీలు మారాయని ఎవరు చెబుతారు?

బైకువాడు దొరకలేదు. డీసీఎం నడిపిన పిల్లవాడు ఫుట్‌పాత్ మీద తల పట్టుకుని కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. వాణ్ని కొట్టబోతున్నవాళ్లను నేనే ఆపాను. ఎవరిని కొట్టాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

గేటు బయట

యాదమ్మను సాగనంపే రోజు సూపర్‌వైజర్ పూలదండ తీసుకుని వచ్చాడు. కళ్లలో నీళ్లు నిజమైనవే. దండ వేసి, నా మొహం చూడకుండా పోయాడు.

తర్వాత సరితను వెంటపెట్టుకుని ఆసుపత్రి ఆఫీసుకు పోయాను. అప్పుడది ఇంటర్ చదువుతోంది. తల్లి పోయిన పిల్లకు ఏమైనా చెయ్యండని అడిగాను.

"పాపం అయింది అమ్మా, మేం కాదంటలేం" అన్నాడు ఆఫీసులోని ఆయన. "గానీ డ్యూటీ టైమ్‌ల కాలే గదా. గేటు బయట అయింది. మా చేతుల లేదు."

"గేటు లోపలికి రెక్కలు కట్టుకొని రావాల్నా సార్?"

ఆయన కంప్యూటర్ దిక్కు తిరిగాడు. సరిత నా చెయ్యి లాగింది. "పా పెద్దమ్మా, పా."

ఇంకెక్కడైనా అడిగితే న్యాయం దొరికేదేమో. చదువుకున్నవాళ్లు ఇప్పుడు చెబుతున్నారు. అప్పుడు మాకు చెప్పినవాళ్లు లేరు, అడగడానికి ఎక్కడికి పోవాలో తెలియదు, డ్యూటీ మానితే బియ్యం లేవు.

నేను మళ్లీ అదే దారిన పోయాను. ఎంతమంది అడిగారో, భయం కాలేదా అని. అయింది. రోజూ అయింది. కుడి పక్కన ఇంతకాలం ఒక గోడ ఉన్నట్టు ఉండేది, అది పోయింది. బస్సు గాలి నేరుగా నా చెవిలోకి కొట్టేది. అంచును పట్టుకుని, మట్టిలో, రాళ్లలో, మోరీల మూతల మీద తొక్కుకుంటూ పోయేదాన్ని. ధైర్యం వచ్చిందని చెబితే అబద్ధం. ఆసుపత్రిలో ఎవరు నవ్వినా వినబుద్ధయ్యేది కాదు. పేషెంట్లను తిట్టలేదు, పని చెడగొట్టలేదు, అంతే. మనసు పెట్టి చేశానా అంటే చెప్పలేను. మోకాళ్లు పోయినప్పుడు అందరూ అయ్యో అన్నారు. నాకైతే లోపల హమ్మయ్య అనిపించింది.

సరితకు

సరిత డిగ్రీలో చేరింది, మధ్యలో ఆగిపోయింది. అమ్మమ్మ కూడా పోయాక నా దగ్గరే ఉంటోంది. షాపుల్లో చేసింది, అక్కడ నిలవలేదు. నేను మానేశాక నా చోటు ఖాళీగా ఉందని తెలిసి తనే పోయి అడిగి వచ్చింది. నాకు చెప్పింది తర్వాత.

"ఆ దారి నీకొద్దు బిడ్డా" అన్నాను.

"ఏ దారి మంచిగుంది పెద్దమ్మా? చెప్పు, గా దారికే పోత."

"సైకిల్ మాత్రం ఇయ్య."

"మరి స్కూటీ కొనియ్యి."

నేను బియ్యం చేట ముందుకు లాక్కున్నాను.

"నువ్వు తొక్కలేదా ఇన్నేండ్లు?" అంది.

"తొక్కిన. ఏమొచ్చింది?"

"బతికి ఉన్నవ్ గద" అంది.

ఈ గల్లీ నుంచి ఇప్పుడు ఆ ఆసుపత్రికి పోయేవాళ్లు ఎవరూ లేరు. జత కోసం చుట్టుపక్కల గల్లీలు కూడా తిరిగి అడిగాను. ఆయాలు చాలామంది అవతలి వైపు నుంచి ఒకే ఆటోలో కలిసి వస్తారు. ఇటు నుంచి ఇదొక్కతే. ఇప్పుడు ఆడపిల్ల ప్యాంటు వేసుకుని సైకిల్ తొక్కితే ఎవరూ నవ్వరు. ఇన్నేళ్లలో ఆ దారి మీద మారింది అదొక్కటే.

ఇవాళ పొద్దున సైకిల్ బయటికి తీసింది. సీటు దింపించుకుంది. గల్లీలో ఒక చుట్టు తిరిగి వస్తానంది. నేను గడపలో కూర్చుని చూశాను. బాగా తొక్కుతోంది, తల్లిలాగే వీపు నిటారుగా పెట్టి. గల్లీ చివర రోడ్డెక్కి, మళ్లీ తిరిగి వచ్చింది. వస్తుంటే చూశాను. గోడకూ దానికీ నడుమ ఒక సైకిల్ పట్టేంత చోటు వదిలి వస్తోంది.

దానికి ఎవరూ అట్లా నేర్పలేదు. చిన్నప్పుడు తల్లి వెనక క్యారియర్ మీద కూర్చుని ఎడమ పక్కకు చూస్తే ఎప్పుడూ నేను కనబడేదాన్ని. రోడ్డంటే దానికి అదే.

ఇది చెప్పగానే సరిత రాయడం ఆపింది. నా దిక్కు చూసింది.

"నేను గట్ల తొక్కిన్నా?"

"తొక్కినవ్."

"నిజంగనా?"

"నిజంగనే. రాయి."

రాసింది. రేపటి నుంచి అంచుకే తొక్కుతానంది. పాషా చెబితే తల్లి కూడా రెండు రోజులు అట్లాగే అంచుకు వచ్చింది. రేపు పొద్దున డ్యూటీ. సైకిల్ గడప ముందరే ఉంది. నేనే నడిపించుకుంటూ పోయి రెండు చక్రాలకూ గాలి కొట్టించుకొచ్చాను.